తెర పటమైన కార్తీకం

పటం వాళ్లు వచ్చారని నాకు మొదట చెప్పింది గాజులు అమ్మే అవ్వ. దీపావళి వెళ్లాక ఒకనాటి పొద్దున మా అరుగు మీద కూర్చుని, నా చెయ్యి తన చేతిలో పెట్టుకుని, వేళ్లు ముడిచి గాజు ఎక్కిస్తూ చెప్పింది.

"మీ పటపోళ్లు వచ్చిండ్రు బిడ్డా. ఊరి బయట చింతల కింద పొయ్యి పెట్టుకున్నరు. కని ఊళ్లెకు వస్తలేరు, పటం ఇప్పుతలేరు. గిదేం కతనో మీ అమ్మనడుగు."

గాజు ఎక్కడం పూర్తయ్యేదాకా ఆగలేక నేను లేవబోతే, "గాజు పగిలితే పండుగపూట నన్నే అంటరు, కూసో" అని గద్దించి కూర్చోబెట్టింది. ఆ ముసలమ్మ నోట ఆ మాట రాకపోతే తర్వాత జరిగింది ఏదీ జరిగేది కాదు. అందుకే ఇప్పటికీ గాజులు వేయించుకునేటప్పుడు ఆమెకు మనసులోనే ఒక దండం పెట్టుకుంటాను.

పటం అంటే ఏమిటో చెప్పాలి. మేము సాలెవాళ్లం. మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు, అందులో ఒక వాడంతా మగ్గాలే. మా కులం ఎట్లా పుట్టింది, మొదటి గుడ్డ ఎవరు నేశారు అనే పురాణాన్ని ఒక పొడవాటి గుడ్డ మీద వరుసగా బొమ్మలుగా గీయిస్తారు. అదే పటం. దాన్ని చుట్టి పెట్టెలో పెట్టుకుని ఊరూరా సాలెవాడలకు వచ్చి, గుంజకు కట్టి, కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ పాడి చెప్పే కుటుంబాలున్నాయి. వాళ్లు మాకు తప్ప ఇంకెవరికీ ఆ కథ చెప్పరు. మేము వాళ్ల నోట తప్ప ఇంకెవరి నోటా వినం. కథ ముగిసిన రోజు ప్రతి ఇంటివాళ్లూ గింజలో, గుడ్డో ఇస్తారు. దాన్ని మేము బిచ్చం అనం, త్యాగం అంటాం.

మా వాడకు వచ్చేది ఒక ముసలాయన, ఆయన భార్య. కొడుకు అప్పటికే షోలాపూరు మిల్లుకు వెళ్లిపోయాడు. ముసలాయన చెబుతుంటే ఆమె తాళం వేస్తూ వంత పాడేది. వాళ్లను చూడాలని మేము దసరా నుంచే ఎదురుచూసేవాళ్లం. అందుకు కారణం మా పంతులు.

పంతులు మాకు నాటకం నేర్పడానికి వచ్చేవాడు. పాలమూరు వైపు, కొత్తకోట దగ్గరి ఏదో ఊరు ఆయనది. వానలు తగ్గగానే ఒక హార్మోనియం పెట్టె, ఒక గుడ్డసంచి పట్టుకుని దిగేవాడు. భజన మందిరం పక్క గదిలో ఉండేవాడు. రోజుకొక ఇంట్లో భోజనం. కార్తీక పున్నమికి నాటకం ఆడించి, మళ్లీ పాలమూరు బస్సు ఎక్కేవాడు. పగలు మగ్గం నేసే మనుషులకు సాయంత్రాలు పద్యం నేర్పేవాడు, నడక నేర్పేవాడు, ఎదుటివాడు మాట్లాడేటప్పుడు ఊరికే నిలబడటం నేర్పేవాడు. అన్నింటికంటే కష్టమైంది ఆ ఊరికే నిలబడటమేనని అనేవాడు.

మా బాపుది రాణి వేషం. ఆ రోజుల్లో మా దిక్కు ఆడవాళ్లు నాటకం వేయడం లేదు. రాణి కావాలంటే మా బాపులాంటి సన్నటి మనిషి మీసం తీసేయాల్సిందే. నేను బడికి పోలేదు. బాపే ఇసుకలో రాసి అక్షరాలు నేర్పాడు. ఆ అక్షరాలు ఆయన వేషానికే పనికొచ్చాయి. ఆయన కాళ్లు మగ్గం గుంటలో ఉండేవి, చేతులు నేతలో ఉండేవి. నేను గుంట ఒడ్డున కూర్చుని పద్యంలో ఒక్కో పాదం చదివేదాన్ని. దారం మోసే నాడె ఇటు నుంచి అటు పోయి వచ్చేలోపు బాపు దాన్ని అప్పజెప్పాలి. తప్పితే నేత ఆపి మళ్లీ చెప్పేవాడు. నా చదువంతా అట్లా మగ్గం చప్పుడులోనే సాగింది. ఇంతకంటే మంచి బడి నాకు దొరికేది కాదని నమ్ముతాను.

పంతులు బాపుకు ఇంకొక పని కూడా పెట్టాడు. అమ్మ నీళ్ల బిందె ఎట్లా దించుతుంది, పెద్దలు వస్తే కొంగు ఎట్లా సర్దుకుంటుంది, ఇవి చూసి నేర్చుకోమన్నాడు. బాపు అట్లా చూస్తుంటే అమ్మకు సిగ్గూ కోపమూ వచ్చేవి. ఇరుగమ్మ పొరుగమ్మలతో, "బిందె ఎట్ల దించాల్నో చూసి నేర్సుకున్నడట. ఒక్కనాడన్న వచ్చి దించిండా?" అని నవ్వేది.

ఇక దసరా మరునాడు పంతులు మా అరుగు మీద కూర్చునేవాడు. జమ్మి ఆకు పెట్టి దండాలు పెట్టడానికి వచ్చినవాళ్లంతా ఆయన చుట్టూ చేరేవాళ్లు. ఈ పండుగల్లో ఎక్కడ ఏం చూడాలో ఆయన అప్పుడు చెప్పేవాడు. పక్క ఊళ్లో చిందువాళ్ల భాగోతం ఆట ఉంది, అందులో ఆడవాళ్లూ వేషం కడతారు, పొండి అనేవాడు. అందులో దేవత వేషం కట్టే ఆమె చెయ్యి ఎత్తేముందు ఎంతసేపు ఆగుతుందో చూడమనేవాడు. నకిరేకల్‌లో గుడారం వేసి సినిమా ఆడిస్తున్నారు, ఒక్కసారి పొండి, కత్తియుద్ధం కాదు, తల్లి వేషం వేసినామె వింటున్నప్పుడు ముఖం చూడండి అనేవాడు. తాను నాటకాల మనిషై ఉండి సినిమాకు పొమ్మంటాడేమిటని పెద్దవాళ్లు విడ్డూరంగా అనుకునేవాళ్లు. మంచిది ఎక్కడుంటే అక్కడ చూడాలనేవాడు. ఆఖరుకు మాత్రం ప్రతి ఏడాదీ ఒకటే మాట. ఏది చూసినా చూడకపోయినా, మీ పటం మాత్రం కూర్చుని మొత్తం చూడాలి.

చూడమన్న ప్రతిదానికీ ఇంకొక మాట కలిపేవాడు. అక్కడికి వట్టిచేతులతో పోవద్దు. చిందువాళ్ల దగ్గరికి పోతే కొంగులో జొన్నలు కట్టుకుని పోవాలి. గుడారం సినిమాకైతే టికెట్టు కొన్నాం కదా అని ఎవరో అంటే, టికెట్టు గుడారపాయనకు, గేటు పక్కన కూర్చునే చూపులేని అవ్వకు ఏమిచ్చారు అని అడిగాడు. అందుకే మా వాడలో ఒక ఎగతాళి ఉండేది. "పంతులు ఆట చూడుమన్నడంటే గింజల గుమ్మి కాలీ అయినట్టే." ఆ మాట ఆయన ముందే అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. కానీ అందరూ ఏదో ఒకటి కొంగున కట్టుకునే పోయేవాళ్లు. ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఉండే భయభక్తుల్లాంటివే ఆట చూసేటప్పుడు కూడా ఉండాలని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడాది మా వాడకు ఇంకొక సంబరం ఉండింది. నాటకానికి సొంత తెర. అంతకుముందు ప్రతిసారీ పెద్ద ఊళ్ల నుంచి తెర అరువు తెచ్చేవాళ్లు. ఈసారి వాడలో నాలుగు మగ్గాల మీద దొడ్డు నూలుతో నాలుగు పొడుగు గుడ్డలు నేశారు. వాటిని అంచుకు అంచు పెట్టి కుట్టి ఒక పెద్ద తెర చేశారు. ఒక గుడ్డ మా బాపు నేసిందే. ఇంకా రంగులు వేయించలేదు. పటాలకు రంగుబొమ్మలు గీసే నకాషీ పనివాళ్లతో దాని మీద రాజభవనం గీయించాలని మాట్లాడుకున్నారు. రాణి ప్రవేశంలో తెర మెల్లగా పైకి లేస్తుంటే తాను మొదటి పద్యం ఎట్లా ఎత్తుకోవాలో బాపు నేత నేస్తూ ఎన్నిసార్లు అనుకున్నాడో నాకు తెలుసు. పంతులు ముప్పై ఊళ్లకు పైగా నాటకం నేర్పాడట. ఆయన నేర్పిన ఏ ఊరికీ సొంత తెర లేదు.

గాజులవ్వ మాట నేను అమ్మకు చెప్పాను. అమ్మ వాడ పెద్దలకు చెప్పింది. ఆ ఏడాది వానలు ఎక్కువై మగ్గం గుంటల్లో నీళ్లు నిలిచి, నేత చాలా రోజులు ఆగిపోయింది. ఇళ్లలో గింజలు పెద్దగా లేవు. నాటకం పని ఉంది, గుడారం సినిమా ఉంది. ఇప్పుడు పటం కథకు కూర్చునే తీరిక ఎవరికీ లేదు. వాళ్లు కూడా విప్పుతామని రాలేదు కాబట్టి, ఇంటికి కొంచెం చొప్పున గింజలు పోగుచేసి ఇచ్చి, ఈసారికి పంపిద్దామని పెద్దలు అనుకున్నారు. అందులో చెడ్డతనం ఏమీ లేదు. వాళ్లకు మంచి చేస్తున్నామనే అందరూ అనుకున్నారు. అమ్మా నేనూ ఇంకొందరు ఆడవాళ్లమూ గంపలు నెత్తిన పెట్టుకుని చింతల కిందికి వెళ్లాం.

ముసలాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. గంపలు దించబోతే వద్దని చేతులు అడ్డం పెట్టాడు. ఆయన భార్య మాట్లాడింది.

"పటం ఇప్పకుండ తీస్కుంటే మేం అడుక్కతినేటోళ్లమైతం తల్లీ. మీ ఇంటి బిడ్డలం మేం. బిచ్చపోళ్లను చెయ్యకుండ్రి."

"మరి ఇప్పరాదు అవ్వా," అంది అమ్మ.

ఆమె పెట్టె మూత తీసి చూపించింది. వానలకు వాళ్ల ఇంటి గోడ పెట్టె మీద పడింది. నీళ్లు లోపలికి చేరాయి. ఆ తడికి చెదలు పట్టాయి. పటాన్ని పైకి తీస్తుంటే చేతిలోనే పొడి పొడి అయింది. బొమ్మల ముఖాలు లేవు. ఒకచోట ఒక మగ్గం, ఒక చెయ్యి మిగిలాయి. ఏడాదికోసారి వచ్చే వేళకు కాళ్లు వాటంతటవే ఇటు నడిచాయని, వచ్చాక వాడలోకి రావడానికి ముఖం చెల్లలేదని ఆమె చెప్పింది. పటం లేకపోతే మా వాడల మీద వాళ్లకు హక్కు లేదు. ముసలాయన ఈ వయసులో కొడుకు దగ్గరికి షోలాపూరు పోయి మిల్లు గేటు దగ్గర కూర్చోవాలి. ఆ కథ చెప్పేవాళ్లు ఆ వంశంలో ఇంకెవరూ లేరు. మేము గంపలు మళ్లీ నెత్తికెత్తుకుని వచ్చాం.

ఆ సాయంత్రం భజన మందిరం ముందు రిహార్సల్ మొదలవకముందే ఈ మాటంతా పంతులు చెవిన పడింది. హార్మోనియం పెట్టె మూసేశాడు. పెద్దలు అక్కడే ఉన్నారు. వాళ్లు తీసుకోకపోతే మనమేం చేస్తాం, గింజలు అక్కడ పెట్టేసి వద్దాం అని ఒక పెద్దాయన అన్నాడు.

"పెట్టేసి వస్తే కుక్కకు వేసినట్టయితది," అన్నాడు పంతులు. "చూసి ఇయ్యాలె. మీరు చూడకుండ ఇయ్యబోయిండ్రు, అందుకే ఆయన ముట్టలే."

"చూద్దామంటే పటమేది పంతులూ? చెదలపుట్టను చూడాల్నా?" అన్నాడు ఆ పెద్దాయన. కొందరు నవ్వారు.

పంతులు నవ్వలేదు. మందిరంలో మడిచి పెట్టిన తెర వైపు చూపించాడు.

"పటానికి గుడ్డ ఎప్పుడైనా మీ వాడలనే నేస్తరు గదా. గదిగో, నేసిపెట్టే ఉన్నది."

అందరికీ అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గొడవ మొదలైంది. తెర లేకుండా నాటకమేమిటి, మళ్లీ నూలు ఎక్కడి నుంచి తేవాలి, ఊళ్లన్నింటికీ సొంత తెర అని చెప్పుకున్నాం, ఇప్పుడు పక్క ఊరివాళ్లు ఏమంటారు అని తలా ఒక మాట అన్నారు. రాజు వేషం వేసే ఆయనకు కోపం వచ్చింది. "తెర తీసేస్తే మనం నాటకపోళ్లమైతమా పంతులూ, భాగోతులమైతమా?" అని అడిగాడు. పంతులు ఎవరినీ బతిమాలలేదు. కూర్చుని మా బాపు వైపు చూశాడు. ఎందుకంటే తెర అవసరం అందరికంటే ఎక్కువ రాణికే.

బాపు లేచి ఆడవాళ్లలో నిలబడి ఉన్న అమ్మతో, "కత్తెర తే," అన్నాడు.

"కత్తెర పెడితే గుడ్డ ఖరాబైతది," అంది అమ్మ. "అంచు కోస్తే మల్ల కుట్టుకు ఆగదు. సూదితోని దారం ఇప్పాలె. జర ఓపిక పట్టు, మేం ఇప్పుతం."

మా అమ్మ పదిమంది మగవాళ్లలో మాట్లాడటం నేను అదే మొదటిసారి చూశాను.

మరునాడు మా అరుగు మీద ఆడవాళ్లం కూర్చుని కుట్లు విప్పాం. తెర వెడల్పుగా ఉండాలని నాలుగు గుడ్డలను పక్కపక్కన కుట్టారు కదా, పటానికి వెడల్పు అక్కర్లేదు, పొడుగు కావాలి. విడదీసి కొసకు కొస పెట్టి కుడితే సరిగ్గా పటమవుతుంది. అంత సులభంగా సరిపోవడం దేవుడి దయ అని అమ్మ అంది. నేనూ అదే అనుకుంటాను. పంతులు కూడా మా మధ్య కూర్చుని సూది పట్టాడు. తీసిన దారాన్ని పారేయకుండా ఒక కండెకు చుట్టాడు. అదే దారంతో మళ్లీ కుట్టాం. ఆయన చేతి కుట్లు వంకరపోతే గాజులవ్వ చూసి, "పద్యమంత సక్కగ లేదు పంతులూ నీ కుట్టు," అంది. ఆమె చేతికి సూది ఇచ్చి ఆయన లేచి వెళ్లాడు.

గుడ్డ సిద్ధమైంది, పటానికి గుడ్డ వాడ ఎప్పుడూ ఇచ్చేదే కాబట్టి ముసలాయనా కాదనలేదు. ఇక గీసేవాళ్లు కావాలి. నకాషీ పనివాళ్లు దానికి చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఆరబెట్టి గీయాలి. నెలల పని. అన్ని నెలలూ వాళ్ల ఇల్లు గడవాలి. నాటకం ముగిశాక పంతులుకు వాడ తరఫున గింజలు, బట్టలు ఇవ్వడం ఆనవాయితీ. ఆయన ఏడాది తిండి చాలావరకు అదే. ఆ గింజలు నకాషీ ఇంటికి పంపమని పంతులు పెద్దలతో చెప్పాడు. తనకు ఒక ధోవతి చాలన్నాడు. వాళ్లు ఒప్పుకోకపోతే, తాను చూసినదానికి తానూ ఇవ్వాలి కదా అన్నాడట. ఇంకా విప్పని పటం చూసినట్టు ఎట్లా అవుతుందని వాళ్లు అడిగితే, వచ్చే ఏడాది చూస్తాను, ముందే ఇస్తున్నాను అన్నాడట. ఇదంతా బాపు ఇంటికి వచ్చి చెప్పాడు.

పున్నమి నాడు నాటకం జరిగింది. గ్యాసుబత్తీల వెలుగులో తెర లేని స్టేజీ మరీ బోసిగా కనిపించింది. అరువు తెర అడుగుదామంటే అప్పటికే వేరే ఊళ్లకు పోయింది. తెరకు బదులు ఒక కొత్త దుప్పటిని ఇద్దరు మనుషులు చెరొక పక్క పట్టుకోవాలి, పాత్ర వచ్చినప్పుడు దించాలి. అచ్చం భాగోతంలోలాగే. ఒక కొస రాజు వేషం ఆయన తమ్ముడు పట్టుకున్నాడు. రెండో కొస ఎవరు పడతారంటే, చింతల కింద నుంచి వచ్చిన ముసలాయన తాను పడతానన్నాడు. ఎవరూ కాదనలేదు. పొరుగూరి నుంచి వచ్చినవాళ్లు వెనక నుంచి, "సాలోళ్ల సొంత తెర గిదేనా?" అని కేకలు వేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు దుప్పటి కింద మా బాపు కాళ్లు కనిపించాయి. పాదాలకు పసుపు, కాళ్లకు కడియాలు. పెద్ద తెర ఉంటే కాళ్లు కనిపించేవే కావు. పంతులు ఆ వారమంతా ఆయనకు నేర్పింది అదొక్కటే. దుప్పటి కింద ముందు కాళ్లు కనిపిస్తాయి కాబట్టి, రాణి కాళ్లతోనే రావాలి. బాపు కాళ్లు మెల్లగా వచ్చాయి. ఒక పాదం ముందుకు పడబోయి ఆగింది. రాజు ఆ గదిలో ఉన్నాడని తెలిసి ఆగినట్టు ఆగింది. అమ్మ పెద్దల ముందు గడప దగ్గర ఆగేది సరిగ్గా అట్లాగే. వెనక కేకలు ఆగిపోయాయి. ముసలాయన దుప్పటిని గబుక్కున వదలకుండా, పటం విప్పినట్టు కొద్దికొద్దిగా దించాడు. బాపు పద్యం ఎత్తుకున్నాడు. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. "బిందె దించరాదు గని, గుమ్మం కాడ ఆగుడు నేర్సిండు," అని నెమ్మదిగా అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరుసటి ఏడాది దసరా మరునాడు పంతులు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఈసారి ఏం చూడాలి పంతులూ అని అందరూ అడిగారు. చిందువాళ్ల ఆట గురించి, గుడారం గురించి ఏమీ చెప్పలేదు. "ఈసారి ఒక్కటే చూడాలె," అన్నాడు. అంతకుముందే ముసలాయన ఆనవాయితీ ప్రకారం పాత పటాన్ని మూసీలో కలిపి వచ్చాడు. దీపావళి వెళ్లాక భజన మందిరం ముందు గుంజ పాతి కొత్త పటం విప్పారు. రంగులు అంత ఎర్రగా ఉంటాయని నాకు తెలియదు. మేము విప్పిన కుట్ల రంధ్రాలు కనిపిస్తాయేమోనని వెతికాను. సుద్ద కింద అన్నీ కలిసిపోయాయి. పంతులు నేల మీద, పిల్లల ముందు కూర్చున్నాడు. ఒక్కరోజు కూడా మానలేదు. కథ ముగిసిన రోజు అందరికంటే ముందు లేచి, తన ధోవతి కొంగున కట్టుకున్న జొన్నలు ముసలాయన పళ్లెంలో పోశాడు. ముసలాయన రెండు చేతులతో పళ్లెం పట్టుకున్నాడు. వాడంతా ఆయన వెనక వరుస కట్టింది.

ముసలాయన షోలాపూరు పోలేదు. కొన్నేళ్లకు కొడుకే అక్కడి నుంచి తిరిగి వచ్చి కర్ర అందుకున్నాడు. నా పెళ్లయి నేను నల్గొండకు వచ్చాక కూడా ఆ పటం మా వాడలో విప్పుతున్నారని విన్నాను. మా నాటకాలు మాత్రం ఎక్కువ కాలం సాగలేదు. నకిరేకల్‌లో గుడారం పోయి పక్కా టాకీసు వచ్చింది. పద్యం నేర్చుకునేవాళ్లు తగ్గారు. ఒక ఏడు పంతులు రాలేదు. ఆరోగ్యం బాగాలేదని కొత్తకోట వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. తర్వాత ఏ కబురూ లేదు. సొంత తెర మళ్లీ నేయించుకున్నదీ లేదు.

నాకు ఇన్నేళ్లలో దేవుడు ఏ లోటూ చేయలేదు. ఏ పండుగకైనా ఏ ఆట చూడటానికి వెళ్లినా కొంగున ఏదో ఒకటి కట్టుకుని వెళ్లే అలవాటు పోలేదు. ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

పంతులు పేరు నాకు తెలియదు. మేమంతా పంతులు అనే పిలిచాం, ఎవరమూ అడగలేదు. ఇది చదివినవాళ్లను నేను కోరేది ఒక్కటే. ఎప్పుడైనా పండుగపూట ఎవరిదైనా ఆటనో, పాటనో, కథనో కూర్చుని చూసి, లేచే ముందు చెయ్యి చాపి ఏదైనా ఇచ్చినప్పుడు, తన నాటకపు తెర తానే విప్పించి ఇచ్చిన ఆ పాలమూరు పంతులును ఒక్కసారి తలుచుకోండి.